బీరువా మీద తుపాకీ

మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది అసలు విషయం కూర్చున్నప్పుడు చెప్పరు. గంటసేపు ఇంకేదో మాట్లాడి, లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చెప్తారు. ఆవిడా అంతే. 2024 జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ఐపీఎల్ రెండు నెలల్లో కొడుకు ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోగొట్టిన 4 లక్షల 60 వేలకు లెక్క చెప్పింది, కూతురి పెళ్లికని పాడిన చీటీ డబ్బు కూడా అందులోనే పోయిందని ఏడ్చింది, ఫీజు ఎంతని అడిగింది, చెప్పు తొడుక్కుంటూ "ఇంగో మాట మేడం, ఇంట్లో తుపాకీ ఉంది" అంది.

మళ్లీ లోపలికి రమ్మన్నాను.

నేను బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. రామ్మూర్తి నగర్, కె.ఆర్. పురం, హూడి, మారతహళ్లి వైపు తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి నా కేసుల్లో సగానికి పైగా వాళ్లవే. కన్నడం ఎంత బాగా వచ్చినా ఇంట్లో గొడవ చెప్పుకునేటప్పుడు మాత్రం మన భాషే కావాలి కదా. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను, జరిగింది మార్చలేదు. నా తప్పులు రెండున్నాయి ఇందులో, అవి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా గొప్పల కంటే అవే పనికొస్తాయి.

ఇంటాయనకు 54 ఏళ్లు. పెనుకొండ వైపు పల్లె. 1990లో ఆర్మీలో చేరి, 18 ఏళ్లు చేసి, హవల్దారుగా దిగాడు. దిగిన ఏడాదే, 2008 డిసెంబర్‌లో, లైసెన్స్ తీసుకుని 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. వేటకూ కాదు, ఊళ్లో పగలకూ కాదు, ఉద్యోగానికి. ఇక్కడ సెక్యూరిటీ ఏజెన్సీలో ఉత్త మనిషికి ఒక రేటు, సొంత తుపాకీతో వచ్చే మనిషికి ఇంకో రేటు. ఒక నగల షాపు ముందు తొమ్మిదేళ్లు అలా నిలబడ్డాడు. 2020లో లాక్‌డౌన్ పడి షాపు మూతపడినప్పుడు ఏజెన్సీ తీసేసింది, మళ్లీ పిలవలేదు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సూపర్‌వైజర్, చేతిలో ఒక రిజిస్టరు, మెడలో ఒక విజిల్. జీతం 17 వేలు. గన్‌మ్యాన్‌గా చివర్లో 25 వేలు తీసుకునేవాడు. తుపాకీ నాలుగేళ్లుగా బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది, బ్యారెల్ ఒకటి, బట్ ఒకటి, కింది చెక్క ఒకటి, మూడు ముక్కలుగా.

ఆవిడ చెప్పిన రాత్రి, నా దగ్గరికి రావడానికి తొమ్మిది రోజుల ముందుది. లోన్ యాప్ వాడెవడో కొడుకు ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ చేస్తూ చేస్తూ, నాన్న పనిచేసే అపార్ట్‌మెంట్ సెక్రటరీకి కూడా చేసి "మీ వాచ్‌మన్ కొడుకు దొంగ" అన్నాడట. దొంగ అన్న మాట కంటే వాచ్‌మన్ అన్న మాట ఎక్కువ తగిలిందని నాకు తర్వాత అర్థమైంది. ఆ రాత్రి క్యాంటీన్ రమ్ము తాగాడు. ఒంటిగంటకు ఆవిడకు మెలకువ వచ్చింది, బ్యారెల్ మూసుకునే చప్పుడుకు. తొమ్మిదేళ్లు రోజూ పొద్దున విన్న చప్పుడు కాబట్టి చీకట్లోనే గుర్తుపట్టింది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తుపాకీ ఒళ్లో, ఎదురుగా చాప మీద కొడుకు నిద్రపోతున్నాడు. "వాణ్ణి తీసి, నేనూ పోతా" అన్నాడంట, గట్టిగా కూడా కాదు, మామూలుగా. ఆవిడ ఏమీ అనలేదు. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలన్నీ మళ్లీ సింకులో వేసుకుని నాలుగింటి దాకా తోముతూ కూర్చుంది.

"చప్పుడుంటే మంచిదని మేడం" అంది.

ఇలాంటప్పుడు మేం అడిగే ప్రశ్నలు పెద్ద సైన్సేం కాదు. బెదిరింపు ఊరికే నోటిమాటా, ఒక మనిషి మీదా? ఆ వస్తువు చేతికందేంత దూరంలో ఉందా? తాగుడుందా, నిద్రుందా, అప్పుందా, పరువు పోయిందన్న బాధుందా? తర్వాత నేనూ పోతా అన్న మాట వచ్చిందా? ఆవిడ ఒక్కోదానికీ తలూపుతుంటే నా పెన్ను ఆగిపోయింది. ఎవరినో ఒకరిని చంపి తనూ చచ్చిపోతానన్న మాటను మా పనిలో రెండు బెదిరింపులుగా లెక్కపెడతాం, తన ప్రాణం మీద ఆశ లేనివాణ్ణి ఆపడానికి కేసు, జైలు అనే భయాలు పనిచేయవు.

మామూలుగా అయితే నేను కోపం దగ్గర మొదలుపెడతాను, మాట్లాడతాను, తాగుడు సంగతి చూస్తాను, డాక్టర్ దగ్గరికి పంపుతాను. వాటికి వారాలు పడతాయి. ఇంట్లో కొడవలో రోకలిబండో ఉన్నప్పుడు వారాలు దొరుకుతాయి, తుపాకీ ఉన్నప్పుడు దొరకవు. ఇది నా భయం మాత్రమే కాదు. అమెరికాలో ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే నేరశాస్త్ర పరిశోధకుడు చికాగో పోలీసు రికార్డుల్లో కత్తి దాడులనూ తుపాకీ దాడులనూ పక్కపక్కన పెట్టి 1968లో ఒక వ్యాసం రాశాడు. తుపాకీ దాడికి గురైనవాళ్లలో చనిపోయిన శాతం కత్తి దాడిలో కంటే సుమారు ఐదు రెట్లు. చాలా గొడవల్లో చంపి తీరాలన్న గట్టి పట్టుదలతో వచ్చినవాళ్లు తక్కువని, ఆ క్షణంలో చేతికేది దొరికిందన్నదే చావుబతుకులు తేలుస్తోందని ఆయన వాదన. తాగి, ఒంటిగంటకు, కుర్చీలో కూర్చున్న మనిషికి ఇది అచ్చంగా సరిపోతుంది. కాబట్టి మొదటి పని తుపాకీని ఆ ఇంట్లోంచి బయటికి పంపడం, మిగతావన్నీ తర్వాత.

ఇంతవరకు ఆలోచన సరిగ్గానే ఉంది. తర్వాత చేసింది తప్పు.

తూటాలు ఎక్కడున్నాయని అడిగితే, దేవుడి గూడు కింద పాత స్వీటు డబ్బాలో అంది. ఆ డబ్బా తీసి పై అంతస్తులో ఉన్న తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టేయండి, ఆయనకు చెప్పకండి అన్నాను. చాలా తెలివైన సలహా అనుకున్నాను. ఆ రాత్రే ఆయన డబ్బా కోసం చూశాడు. లేదు. చెంప మీద కొట్టాడు. పెళ్లయిన 27 ఏళ్లలో కొట్టడం అదే మొదటిసారని ఆవిడ అంటుంది, నేను నమ్ముతాను, కానీ దానికి కారణం నేను. ఆవిడ డబ్బా తెచ్చిచ్చేసి, కూతుర్ని తీసుకుని, తెల్లారకముందే హొస్కోటేలో ఉన్న అన్న ఇంటికి పోయి, అక్కడి నుంచి ఆరింటికి నాకు ఫోన్ చేసింది. అంటే నా సలహా పుణ్యమా అని ఇప్పుడు ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది తండ్రి, కొడుకు, తుపాకీ, తూటాలు. మధ్యలో గిన్నెలు తోమే మనిషి కూడా లేదు.

ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి చేత అందరికంటే ప్రమాదకరమైన పని చేయించకూడదు. పుస్తకంలో చదివే వచ్చాను ఈ మాట. అయినా చేశాను.

వెంటనే చేయగలిగింది ఒకటే, తుపాకీ కదలకపోతే మనుషుల్ని కదపడం. ఏడున్నరకల్లా మేనమామ బైక్ మీద వచ్చి "అమ్మకు బాగాలేదు రా" అని కొడుకును తీసుకుపోయాడు. ఆవిడతో నేను ఫోన్లోనే ఉన్నాను. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి కదా అని, ఆ తుపాకీ ఎప్పుడైనా ఇల్లు దాటి బయట ఉందా అని అడిగాను. "2019 ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో ఇచ్చొచ్చినాడు. అయినాక తెచ్చుకున్నాడు. ఈసారి ఇయ్యలేదు" అంది.

ఎన్నికలొస్తే లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో జమ చేయించడం అటు ఆంధ్రాలో, ఇటు కర్ణాటకలో మామూలే, రాయలసీమ వాళ్లకైతే మరీ. బెంగళూరులో లోక్‌సభ పోలింగ్ జరిగింది 2024 ఏప్రిల్ 26న. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఇచ్చాడా అని అడిగితే, అప్పుడూ లేదు అంది. ఆర్మీలో పనిచేసినవాడు, రూలంటే రూలనే మనిషి, రెండు ఎన్నికలకు ఎందుకివ్వలేదు? లైసెన్స్ పుస్తకం ఎక్కడుంటుందో కనుక్కుని, మేనమామ చేత ఫొటో తీయించి పంపమన్నాను. చివరి రెన్యువల్ ముద్ర 2017ది. గడువు 2020 డిసెంబర్‌లో తీరిపోయింది.

అంటే మూడున్నరేళ్లుగా అది అక్రమ ఆయుధం. బీరువా మీది నుంచి అంగుళం కదలకుండానే అక్రమమైపోయింది.

ఎందుకిలా అయిందో తర్వాత ఆయనే చెప్పాడు. కోవిడ్, ఉద్యోగం పోవడం, చార్జీలకు డబ్బుల్లేకపోవడం, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చి వాళ్ల ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లడం, అప్పుడు అనంతపురం పోవాలా పుట్టపర్తి పోవాలా అని తేలక ఇంకో ఏడాది, ఆ తర్వాత ఇంత ఆలస్యంగా పోతే లోపలేస్తారేమోనన్న భయం. 2019 చివర్లో ఆయుధాల చట్టాన్ని సవరించి లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు, సమయానికి పోయి ఉంటే 2025 చివరిదాకా చూసుకోనక్కర్లేదు. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని రెండుకు తగ్గించింది, శిక్షలూ పెంచింది. శిక్షలు పెరిగిన సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక మాట. బెంగళూరులో అక్రమ తుపాకీ అనగానే మనకు బీహార్‌లోని ముంగేర్, మధ్యప్రదేశ్‌లోని ఖర్‌గోన్, బుర్హాన్‌పూర్ వైపు తయారయ్యే నాటు పిస్టళ్లు గుర్తొస్తాయి. అవి నిజమే. 2017 సెప్టెంబర్ 5న రాజరాజేశ్వరి నగర్‌లో జర్నలిస్ట్ గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే కాల్చింది 7.65 ఎం.ఎం. నాటు పిస్టల్‌తో, 2015 ఆగస్టు 30న ధారవాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని చంపింది కూడా అదే ఆయుధమని తూటాలను పోల్చిన ఫోరెన్సిక్ నివేదిక చెప్పింది. మన కుప్పం, చిత్తూరు వైపైతే అడవిపందుల కోసమని పెట్టుకునే నాటు తుపాకులు. వీటన్నిటి వెనక ఒక తయారీదారు, ఒక దళారీ, ఒక కొనుగోలుదారు ఉంటారు, పోలీసులు పట్టుకోవాల్సిన గొలుసు అది. నా ముందున్న తుపాకీకి అలాంటి గొలుసేదీ లేదు. కొన్న బిల్లుంది, సర్కారు ముద్రుంది, దొంగతనంగా ఏదీ జరగలేదు, ఒక తేదీ దాటిపోయిందంతే. ఇలాంటివాటి కోసం ఎవరూ దాడులు చేయరు. ఇంట్లోవాళ్లు నోరు విప్పితేనే బయటపడతాయి.

ఆ రోజు సాయంత్రం మా సూపర్‌వైజర్‌తో కూర్చున్నాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షన్ గోప్యత గురించి చెప్తూనే, ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి అవసరమైతే చెప్పొచ్చని మినహాయింపు ఇచ్చింది. అంటే పోలీసులకు చెప్పే దారి మాకు మూసుకుపోలేదు. కానీ తాగి, అవమానంతో ఉండి, చేతిలో తుపాకీ ఉన్న మాజీ సిపాయి తలుపు రాత్రిపూట పోలీసులు కొడితే ఏమవుతుంది? ఇద్దరం ఒక గడువు పెట్టుకున్నాం, వచ్చే ఆదివారం లోపు ఆయనంతట ఆయన కదలకపోతే మేమే చెప్తాం. ఈ మాట ఆవిడకూ చెప్పాను, దాచలేదు.

ఆయన మా సెంటర్‌కు రాడు. "నాకేమన్నా పిచ్చా" అన్నాడట. ఎవరి మాటైనా వింటాడా అని ఆవిడను అడిగితే కాసేపు ఆలోచించి, యలహంకలో ఉండే ఒక రిటైర్డ్ సుబేదార్ పేరు చెప్పింది, ఒకే యూనిట్‌లో పనిచేసినవాళ్లు. చికాగోలో గ్యారీ స్లట్‌కిన్ అనే డాక్టర్ 2000లో మొదలుపెట్టిన హింస నివారణ కార్యక్రమం ఒకటుంది, కాల్పుల గొడవలను అంటువ్యాధిలా చూసి, ఆ వీధుల్లోనే తిరిగి, ఒకప్పుడు అలాంటి జీవితమే గడిపిన వాళ్ల చేత మధ్యవర్తిత్వం చేయిస్తారు. ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా రాలేదు, కానీ అందులో ఉన్న కిటుకు మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు, మాట చెల్లే మనిషిని పట్టుకురా అని. నాకు డిగ్రీలున్నాయి, సుబేదార్ గారికి మాట చెల్లుతుంది.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగాక, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒక టీ కొట్టు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. ఆయన యూనిఫామ్‌లోనే ఉన్నాడు, ఇస్త్రీ మడత చెదరలేదు.

"మీరు నా తుపాకీ తీసుకోను వచ్చినారు" అన్నాడు.

"అవును సార్" అన్నాను. డొంకతిరుగుడుగా మొదలుపెట్టి ఉంటే లేచిపోయేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

కాసేపు వాదించాడు. తన యూనిట్‌లో కొడగు వాడొకడుండేవాడని, వాళ్లకు లైసెన్సే అక్కర్లేదని, దేశానికి 18 ఏళ్లు చేసిన తనకు మాత్రం ఇన్ని రూల్సా అని. ఆ మాటలో నిజముంది, కొడగులోని కొడవ జాతివాళ్లకూ, అక్కడ జమ్మా అనే వారసత్వ భూములున్నవాళ్లకూ బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది, 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. నేను అదే చెప్పాను, మీరన్నది నిజమే అని. వాదనకు దిగకపోయేసరికి ఆయనకు ఊపు తగ్గింది. టీ గ్లాసు వైపు చూస్తూ, "అది ఉంటే ఎవడో ఒకడు గన్‌మ్యాన్ పోస్టుకు పిలుస్తాడు. అది పోతే నేను వాచ్‌మన్‌నే" అన్నాడు.

నాకు మాట రాలేదు. అప్పటిదాకా ఆ తుపాకీని నేను ప్రమాదంగానే చూశాను. ఆయన మాత్రం దాన్ని నాలుగేళ్లుగా పోయిన ఉద్యోగం తిరిగొస్తుందన్న ఆశగా దాచుకున్నాడు.

సుబేదార్ గారు అందుకున్నారు. "ఒరే, యూనిట్‌లో పొద్దుగూకితే రైఫిల్ యాడ పెడుతుంటిమి?"

"కోత్‌లో."

"మంచం మీద పక్కన పెట్టుకుని పండుకున్నోడు ఉన్నాడా?"

"ఉంటే మర్నాడే సార్ ముందర నిలబెడతారు" అని ఆయన నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారేమో.

"మరి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు? కోత్‌లో జమ చెయ్. రసీదు తీసుకో. నీదే ఉంటాది, అక్కడుంటాది."

కోత్ అంటే ఆర్మీలో ఆయుధాల గది. పొద్దున సంతకం పెట్టి తీసుకోవడం, సాయంత్రం సంతకం పెట్టి తిరిగివ్వడం, ఇందులో సిపాయికి అవమానమేమీ లేదు. నేను నెల రోజులు మాట్లాడినా ఈ ఒక్క పదం నాకు తట్టేది కాదు. తర్వాత నాకు గుర్తొచ్చింది, దీని మీద లెక్కలు కూడా ఉన్నాయి. ఇజ్రాయెల్ సైన్యంలో కుర్ర సిపాయిలు వారాంతపు సెలవుల్లో ఆయుధం ఇంటికి తీసుకెళ్లేవాళ్లు, ఆ సెలవుల్లో ఇంట్లో ఆ ఆయుధాలతో చాలా ఆత్మహత్యలు జరుగుతున్నాయని గమనించి 2006లో రైఫిల్‌ను బేస్‌లోనే వదిలి వెళ్లాలని రూలు పెట్టారు. ఆత్మహత్యల రేటు 40 శాతం తగ్గింది. తగ్గుదల ఎక్కువగా వారాంతాల్లోనే కనిపించింది, మామూలు రోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే ఆ పిల్లల దుఃఖం తగ్గి కాదు, శుక్రవారం రాత్రి రైఫిల్ ఇంట్లో లేక.

సరే, ఒప్పుకున్నాడు. ఇక నేరుగా స్టేషన్‌కు పోవడమే కదా అనుకుంటారు, అది అంత తేలిక కాదు. మేయో హాల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేసే మన తెలుగు అడ్వకేట్ ఒకరికి ఫోన్ చేస్తే మొదటి మాటే, "ఎవరూ దాన్ని పట్టుకుని రోడ్డెక్కొద్దు" అన్నారు. చట్టం ప్రకారం లైసెన్స్ చెల్లకుండా పోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అనవసరంగా ఆలస్యం చేయకుండా జమ చేయాలి, ఇది 21వ సెక్షన్. మూడున్నరేళ్లు దాటింది కాబట్టి ముందు ఒక కాగితం రాయాలి, తనంతట తాను జమ చేస్తున్నానని, గడువు ఎందుకు దాటిందో నిజం చెప్తూ. ఇన్‌స్పెక్టర్‌తో తాను ముందుగా మాట్లాడాలి. దానికి శనివారం దాకా పడుతుంది.

గురువారం రాత్రి, శుక్రవారం రాత్రి ఏం చేయాలి? నేను చదువుకున్న ట్రైనింగ్ పుస్తకాలన్నీ అమెరికావి, వాటిలో ఇలాంటప్పుడు నమ్మకమైన స్నేహితుడి ఇంట్లో కొన్నాళ్లు ఉంచమని ఉంటుంది. సుబేదార్ గారు కూడా "నా దగ్గర పెడతా" అన్నారు. అడ్వకేట్ గట్టిగా ఆపారు, లైసెన్స్ లేకుండా ఆయన చేతికి వెళ్లిన నిమిషం నుంచి ఆయనా ముద్దాయే. తూటాలకూ అదే వర్తిస్తుంది, అంటే నేను పై అంతస్తు వాళ్లింట్లో పెట్టమన్నప్పుడు ఆ అమాయకుల్ని కూడా ఇరికించబోయానన్నమాట. వేరే దేశం సలహాను మన చట్టం చూసుకోకుండా వాడితే ఇలా ఉంటుంది.

చివరికి దొరికింది చిన్న ఉపాయం. తుపాకీ, స్వీటు డబ్బా రెండూ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి సుబేదార్ గారికివ్వడం. తాళంచెవి ఆయుధం కాదు కదా. అడ్వకేట్ నవ్వి, రెండు రాత్రులకైతే సరే అన్నారు, పూర్తి మనసుతో కాదు. ఇంటాయన తన చేత్తోనే తాళం వేసి, తన చేత్తోనే ఇచ్చాడు. తాళాలు, డబ్బాలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, మొదటిసారి దొంగతనంగా తీయించాను, ఈసారి ఆయనే ఇచ్చాడు. ఆ రెండు రాత్రులూ సుబేదార్ గారు అక్కడే పడుకున్నారు. రమ్ము సీసా ఆయనే పట్టుకుపోయారు, దాన్నేం చేశారో నేను అడగలేదు.

శనివారం వర్షం. స్టేషన్ నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు మఫ్టీలో వచ్చారు, వీధిలో ఎవరికీ తెలియకూడదని అడ్వకేట్ ముందే అడిగారు, వాళ్లూ మర్యాదగా ఒప్పుకున్నారు. దుప్పటి విప్పి మూడు ముక్కలు చూసి, గోతంలో చుట్టి జీపులో పెట్టారు, దుప్పటి ఇంట్లోనే ఉండిపోయింది. స్టేషన్‌లో రైటర్ నంబర్లు రాసుకున్నాడు. తర్వాత తూటాల వంతు. లైసెన్స్ పుస్తకంలో కొన్నవి, వాడినవి రాసి ఉంటాయి, దాని ప్రకారం 12 ఉండాలి. టేబుల్ మీద డబ్బా బోర్లించి లెక్కపెట్టారు. 11.

మళ్లీ లెక్కపెట్టారు. 11.

రైటర్ తలెత్తాడు. అడ్వకేట్ నా వైపు చూశారు. ఇంటాయన మాట్లాడలేదు, చొక్కా జేబు గుండీ విప్పి, పన్నెండోది తీసి, మిగతావాటి పక్కన నిలబెట్టాడు. ఎర్ర ప్లాస్టిక్ తూటా, అడుగున ఇత్తడి మెరుపు పోయి అరిగి ఉంది, రోజూ వేళ్లతో తిప్పినట్టు. ఆ కుర్చీ రాత్రి నుంచి అది ఆయన జేబులోనే ఉంది. టీ కొట్టు బెంచీ మీద నా పక్కన కూర్చున్నప్పుడు కూడా.

ఇది నా రెండో తప్పు. తూటాలు ఎక్కడున్నాయని అడిగాను, ఎన్ని ఉన్నాయని అడగలేదు. ఇప్పుడు ఎవరింట్లోనైనా మాత్రలున్నాయన్నా, పురుగుమందుందన్నా, మొదటి ప్రశ్న ఎన్ని, రెండోది ఎక్కడ.

కేసు పెట్టారా అని అందరూ అడుగుతారు. పెట్టలేదు. ఇన్‌స్పెక్టర్ చీవాట్లు పెట్టి, కాగితం తీసుకుని, లైసెన్స్ ఇచ్చిన అధికారికి సమాచారం పంపి, రసీదిచ్చారు. కానీ నేను దీన్ని గ్యారంటీగా చెప్పను, వేరే స్టేషన్‌లో వేరేలా జరగొచ్చు, అందుకే అడ్వకేట్ లేకుండా ఈ పని చేయొద్దని చెప్తాను. ఆవిడ నా దగ్గర చెప్పులు తొడుక్కున్న మంగళవారం నుంచి లెక్కేస్తే ఐదో రోజు అది.

మిగతాదంతా మామూలు పని, నెమ్మదిగా సాగే పని. ఆయన్ని మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ ద్వారా సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాం, సుబేదార్ గారే తీసుకెళ్లారు. డిప్రెషన్ ప్రశ్నావళిలో మొదట 27కి 19 వచ్చింది, నాలుగు నెలలకు 8. తాగుడు పూర్తిగా మానలేదు, రోజూ నుంచి వారానికొకసారికి వచ్చింది. కొడుకు లోన్ యాప్‌ల మీద 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇచ్చాడు, అసలు అప్పులకు మేనమామ వాయిదాలు కుదిర్చాడు. వాడితో నా సెషన్లు ఇంకా నడుస్తున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, మంచిదే, కాకపోతే వాడి ఫోన్లో అంతకుముందే ఆరు యాప్‌లు మారాయి. ఆవిడ మూడు వారాలకు తిరిగొచ్చింది, రసీదు ఫొటో తన ఫోన్లో ఉండాలన్న షరతు మీద. చెంపదెబ్బ గురించి గృహహింస చట్టం కింద ఏం చేయొచ్చో చెప్పాను. వద్దంది. మళ్లీ జరిగితే అని నేనంటే, "మళ్లా జరిగితే మీకు చెప్పను, నేరుగా పోతా" అంది. రాత్రిపూట ఎవరూ దొరకకపోతే 14416కి, అంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, చేసి తెలుగులోనే మాట్లాడొచ్చని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించాం.

లైసెన్స్ రెన్యువల్‌కు ఆయన ఇంకా తిరుగుతున్నాడు. నేను ఆపలేదు. రసీదుకు లామినేషన్ చేయించాడు.

2025 ఏప్రిల్‌లో, మళ్లీ ఐపీఎల్ నడుస్తున్నప్పుడు, రాత్రి పదకొండు దాటాక ఆయన నుంచి ఫోన్. అప్పటికి మేడం పోయి పాప అయ్యాను. "పాపా, వాడు మళ్లా ఆడినాడు. పన్నెండు వేలు."

ఎక్కడున్నారని అడిగాను. మెట్ల మీద అన్నాడు. తాగారా అంటే కొంచెం అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఎక్కువగా ఆయనే మాట్లాడాడు, కొడుకు గురించి తక్కువ, షాపు ముందు నిలబడ్డ రోజుల గురించి ఎక్కువ. చివర్లో, నేను అడగకుండానే, "బీరువా పైకి చెయ్యి పెట్టి చూసినా పాపా. ఉత్త దుప్పటి ఉంది" అన్నాడు. దోమలు కుడుతుంటే అదే కప్పుకుని కూర్చున్నాడట. పొద్దున ఆరింటికి డ్యూటీ ఉందని, ఇంక పడుకుంటానని పెట్టేశాడు.